కారు చెవీ, పడవ నోరూ

మొన్న మే నెలలో మా కారు మమ్మల్ని నడిరాత్రి నట్టేట ముంచింది. నట్టేట అన్నది మాటవరసకే లెండి. ముంచింది నట్టింటి వాకిట్లోనే.

మా మామగారిది మైపాడు. నెల్లూరికి తూర్పున ఇరవై, పాతిక కిలోమీటర్లు పోతే వచ్చే సముద్రపుటొడ్డు. బడిపంతులుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. వేసవి సెలవులకు మేము అక్కడికి పోవడం ఆనవాయితీ. ఈసారి పోయిన నాలుగో రాత్రి, ఒంటిగంట వేళ, ఆయన మంచం మీద లేచి కూర్చుని, గుండెమీద చెయ్యి వేసుకుని, "ఎందుకో బరువుగా వున్నదే" అన్నారు. ఆయన నోట అలాంటి మాట మేమెన్నడూ వినలేదు. చెమటలు చూసి మా ఆవిడ హడలిపోయింది. అంబులెన్సుకు ఫోను చేసి, అది వచ్చేదాకా కాళ్లు కట్టుకుని కూర్చునే ధైర్యం లేక నేను కారు దగ్గరకు పరుగెత్తాను.

కారు పలకలేదు. తలుపులు తాళంచెవితోనే తెరవవలసి వచ్చింది. మీట నొక్కితే లోపల ఎక్కడో 'టిక్కు'మన్నది, అంతే. పైకప్పు దగ్గర ఎర్రని ఎస్.ఓ.ఎస్. మీట ఒకటి వున్నది. 2019లో ఈ కారు కొన్నప్పుడు, దాన్ని నొక్కితే లోకమంతా మన సాయానికి పరుగెత్తుకు వస్తుందన్నట్టు చెప్పారు. నొక్కాను. లోకం నిద్రపోతున్నది.

మామగారి ఇంటికి నాలుగిళ్ల అవతల పట్టపుపాలెం. వేట నిషేధం రోజులు గనుక మగవాళ్లంతా ఇళ్లలోనే వున్నారు. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు మరపడవలు కడలి ముఖం చూడకూడదు గదా. మామగారి దగ్గర అక్షరాలు దిద్దుకున్న ఒక పడవ యజమాని మా గొడవ విని లేచి వచ్చాడు. అతనికి చేపలు తోలే ట్రాలీ ఒకటి వున్నది. "అయ్యవార్ని ఎత్తండి సారూ, మాటలు తర్వాత" అన్నాడు. ఉల్లిపాయ వాసన తగిలితేనే ముక్కు మూసుకునే మా మామగారిని, ఐసు పెట్టెలు దింపేసిన తడి చెక్కల మీద పరుపు వేసి పడుకోబెట్టి, నెల్లూరు చేర్చాము. ఇంకొంచెం ఆలస్యమై వుంటే చెప్పలేమని డాక్టరు అన్నాడు. ఇప్పుడు బాగానే వున్నారు. దారిలో వాసనకు ఇబ్బంది పడ్డారా అని తర్వాత అడిగితే, "ఏ వాసన?" అన్నారు.

ఇక కారు సంగతి. నెల్లూరు ఆటోనగరులో కారు కరెంటు పని చేసే కుర్రవాడొకడు వున్నాడు. నా దగ్గర ఇంటరు చదివినవాడే. విభక్తి ప్రత్యయాలు చెప్పమంటే వైర్ల బొమ్మ గీసిన ఘనుడు. అతను మైపాడు వచ్చి, బ్యాటరీకి ప్రాణం పోసి, అటుపైన కారుకు తాళం వేసి అరగంట కదలకుండా కూర్చున్నాడు. "నిద్రపోనీండి సార్, అప్పుడు గదా ఎవడు మేలుకుని వుండేదీ తెలిసేది" అన్నాడు. నేటి కార్లు ఆపగానే నిద్రపోవట. ఒక్కొక్క భాగమే సద్దుమణిగి, చివరకు బ్యాటరీ నుంచి నలభై, యాభై మిల్లీ ఆంపియర్ల కరెంటు మాత్రం పీల్చుకుంటూ వుంటాయట. మా కారు అర ఆంపియరు పీల్చుకుంటున్నది! నలభై అయిదు ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఆ లెక్కన నాలుగు రోజులైనా నిలవదు. ఇంజను తిరగడం అంతకు ముందే ఆగిపోతుంది. మేము వెళ్లి మూడు రోజులు దాటింది. లెక్క సరిపోయింది.

కుర్రవాడు ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోయాడు. ఒక చిన్న ఫ్యూజు పీకగానే మీటరు ముల్లు పడిపోయింది. "దొంగ దొరికాడు సార్" అన్నాడు. ఆ దొంగ పేరు టెలిమాటిక్స్ పెట్టె.

ఈ మాట పుట్టింది ఇంగ్లీషులో కాదు, ఫ్రెంచిలో. 1978లో నోరా, మింక్ అనే ఇద్దరు అక్కడి ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో దూరవార్తనూ, గణనయంత్రాన్నీ కలిపి 'తెలెమాతీక్' అని నామకరణం చేశారు. మన భాషలో నేనైతే 'సంజయుడు' అంటాను. యుద్ధం ఒకచోట, వినే గుడ్డిరాజు ఒకచోట. మధ్య ఇతగాడు. సీట్ల ముందు అలంకారపు పలక వెనక దాగి వుండే ఈ పెట్టెలో ఒక సెల్‌ఫోను, దానికి పీకడానికి వీలు లేకుండా అతికించిన సిమ్ము, ఉపగ్రహాల వల్ల తానెక్కడున్నదీ తెలుసుకునే యంత్రం, ఆపత్కాలానికి ఒక బుడ్డి బ్యాటరీ వుంటాయి. కారులోని భాగాలన్నీ పెనవేసిన రెండు తీగల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. 1986లో జర్మనీకి చెందిన బాష్ కంపెనీవారు లోకానికి చూపించిన పద్ధతి అది. ఆ తీగల పక్కనే మన పెట్టె చెవి ఒగ్గి కూర్చుంటుంది. ఎంత వేగం, ఎక్కడ గట్టిగా బ్రేకు, ఏ తలుపు ఎప్పుడు తెరిచారు, పెట్రోలు ఎంత వున్నది, అన్నీ దానికి ఎరుకే. వెనకటి కరణంగారికి కూడా ఊరి గుట్టు ఇంత తెలిసి వుండదు.

మరి అది నిద్రపోక యేం చేస్తున్నది? సముద్రపుటొడ్డున ఆ ఇంటి దగ్గర సెల్ సంకేతం బలహీనం. పెట్టె పాతబడింది. తన యజమాని కోసం, అనగా నా కోసం కాదు సుమండీ, ఎక్కడో వున్న కంపెనీవారి కంప్యూటరు కోసం రాత్రంతా అరుస్తూనే వున్నది. సంకేతం తగ్గినకొద్దీ ఇలాంటి యంత్రాలు గొంతు పెంచుతాయి. గొంతు పెంచితే కరెంటు ఖర్చు. మొదటి మూడేళ్లు ఉచితమన్నారు. తర్వాత రెండుసార్లు చందా కట్టి, మానేశాను. చందా మానినా చెవి మూసుకోలేదన్నమాట.

సరే, ఫ్యూజు పీకేశాము. బ్యాటరీ క్షేమం. నా సంబరం ఒక పూట నిలిచింది. మర్నాడు ఆసుపత్రికి పోతూ వుండగా అత్తగారు ఫోను చేశారు. ఫోను ఎప్పటిలాగే బ్లూటూత్ ద్వారా కారుకు తగులుకున్నది. ఎడమపక్క స్పీకరులో ఆవిడ గొంతు సన్నగా వినబడింది. కుడిపక్కది మూగపోయింది. నేను "ఆయన బాగున్నారండీ" అన్నాను. "ఏమి బాబూ, పలకరేం?" అన్నారు. మళ్లీ చెప్పాను. "అయ్యో, పలకరేం బాబూ, ఏమైంది?" అని ఆవిడ ఏడుపు లంకించుకున్నారు. కారు పక్కకు ఆపి, ఫోను చేతిలోకి తీసుకుని మాట్లాడేసరికి, ఆవిడ పూజగదిలో దీపం కొండెక్కిందని కూడా చెప్పారు. ఆ నిమిషంలో ఆవిడ ఏమనుకుని వుంటారో నేను ఇక్కడ రాయను.

బ్లూటూత్‌కు టెలిమాటిక్స్ పెట్టెతో చుట్టరికం లేదు. పదో శతాబ్దపు డెన్మార్కు రాజు హారాల్డ్ బిరుదనామం పెట్టుకున్న ఈ బ్లూటూత్, నా జేబులోని ఫోనుకూ కారు రేడియోకూ మధ్య పది మీటర్ల లోపు గుసగుస మాత్రమే. దానికి సిమ్ము అక్కర్లేదు, కంపెనీ అక్కర్లేదు. ఇంకేమి, పెట్టె పోయినా ఫోను పలకాలి గదా? చిక్కు వేరేచోట వున్నది. ప్రమాదం జరిగినప్పుడు పెట్టె స్వయంగా ఫోను చేసి మనతో మాట్లాడాలి. దానికొక మైకూ, ఒక స్పీకరూ కావాలి. వేరుగా పెడితే ఖర్చని, కొన్ని కార్లలో వున్న మైకు తీగనూ, ఒకపక్క స్పీకరు తీగనూ ముందు ఈ పెట్టెలోకి తీసుకుపోయి, అక్కడినుంచి రేడియోకు ఇస్తారు. వంటింటికి పోవాలంటే అద్దెవాడి గదిలోంచి పోవాలన్నట్టు! అద్దెవాణ్ణి గదికి తాళం పెట్టి పంపేస్తే మనకు అన్నం లేదు. అమెరికాలోనూ కొన్ని టయోటా, సుబారు కార్లలో ఈ పెట్టె తీసినవారికి ఇదే అనుభవమని అక్కడున్న మా బావమరిది చెప్పాడు.

అతని కథ మరొకటి. టెక్సస్‌లో వుంటాడు. 2022 ఫిబ్రవరిలో అక్కడ ఏ.టి. అండ్ టి. వారు 3జి సేవను మూసివేశారు. దానితో అతని పాత కారులోని పెట్టె చెవిటిదీ మూగదీ అయిపోయింది. కారు ఇరవై ఏళ్లు నడుస్తుంది, అందులోని సెల్‌ఫోను పదేళ్లకే కాలం చేస్తుంది. ఇద్దరికీ ముడిపెట్టినవారు ఈ ముహూర్తం చూసుకోలేదు. కొందరు కంపెనీవారు పెట్టె మార్చి ఇచ్చారు, కొందరు చేతులెత్తేశారు. మన దేశంలోనూ 3జి దాదాపు అంతే గదా. జియో దాన్ని ముట్టనే లేదు, ఎయిర్‌టెల్ 2020 నాటికి సాగనంపింది.

నేను అమ్మకందారు సర్వీసు వారి దగ్గరకు పోయాను. కొత్త పెట్టె నలభై రెండు వేలు. పైగా ఆ పెట్టెను నా కారు నంబరుతో కంపెనీవారి కంప్యూటరులో పెళ్లి చేయించాలట. బయట కొన్న పెట్టె పనికిరాదు. చందా మళ్లీ మామూలే. "పెట్టె లేకుండా మైకు ఒక్కటీ పనిచేయించండి బాబూ" అంటే, అది తమ పుస్తకంలో లేదన్నారు.

ఇంటికి వచ్చి మా ఆవిడతో ఆలోచన. ఆవిడ ప్రశ్న సూటిగా వుంటుంది. "నలభై వేలు కట్టి కొత్తది పెడితే, ఆ రాత్రి అది పనికి వచ్చేదా?" వచ్చేది కాదేమో. "పెట్టకపోతే రేపు రోడ్డు మీద మీకేమన్నా అయితే?" దీనికి నా దగ్గర జవాబు లేదు.

నిజమే. ప్రమాదంలో మనిషి స్పృహ తప్పితే, తనంతట తానే కబురు పంపే యంత్రాన్ని తీసివేయడం చిన్న విషయం కాదు. ఐరోపాలో 2018 మార్చి 31 నుంచి కొత్త నమూనా కార్లన్నింటికీ దాన్ని చట్టమే తప్పనిసరి చేసింది. కాని అక్కడి చట్టం మరొకమాట కూడా చెప్పింది. ఆ అత్యవసరపు పెట్టె ప్రమాదం జరిగేదాకా మౌనంగా వుండాలి, మనిషి వెంట నీడలా తిరగకూడదు. అంటే రక్షణ వేరు, చాడీలు వేరు. రెండింటినీ విడదీయవచ్చునన్నమాట. మన కార్లలో రెండూ ఒకే సంచిలో కట్టి అమ్ముతున్నారు. 

చాడీలన్నది పెద్దమాట అనుకోకండి. 2023లో మొజిల్లా సంస్థ వారు ఇరవై అయిదు కార్ల కంపెనీల గోప్యతా నియమాలను పరీక్షకు పెడితే ఒక్కటీ ఉత్తీర్ణం కాలేదు. నేను ఎంత ఉదారంగా పేపర్లు దిద్దినా ఇలాంటి ఫలితం ఎరగను. 2024లో అమెరికాలో జనరల్ మోటార్స్ కారు యజమానులు ఎట్లా నడుపుతున్నదీ ఆ పెట్టెల వల్లనే బయటికి పోయి, అది భీమా కంపెనీల దాకా చేరిందని పత్రికలు బయటపెట్టాయి. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషను, అయిదేళ్లపాటు అలాంటి వివరాలను అట్టి ఏజెన్సీలకు ఇవ్వరాదని ఉత్తర్వు ప్రతిపాదించింది. మనకు 2017లో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కేనన్నది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమూ వచ్చింది. నా పెట్టె ఆరేళ్లుగా ఏమేమి చెప్పిందో చట్టాన్ని చేతబట్టుకుని అడగాలని వున్నది. జీతానికి కాలేజీ, జబ్బుకు ఆసుపత్రి, ఆదివారం మైపాడు. చెప్పడానికి అంతకుమించి నా జీవితంలో లేదని తేలితే అదొక అవమానం!

మామగారిని మైపాడు చేర్చిన సాయంత్రం, ఈ ధర్మసందేహాన్ని ట్రాలీ యజమాని ముందు పెట్టాను. ఒడ్డున వరసగా లాగిపెట్టిన పడవల దగ్గర వల బాగుచేసుకుంటున్నాడు. అతను నవ్వి తన పడవకు బిగించిన తెల్లని పెట్టెను చూపించాడు.

"మాక్కూడా ఇచ్చిండారు సారూ."

అది ఇస్రోవారి ట్రాన్స్‌పాండరు. దేశంలోని లక్ష చేపల పడవలకు ఉచితంగా బిగించే పథకాన్ని 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘరులో ప్రారంభించారు. ఖర్చు 364 కోట్ల రూపాయలు. సెల్‌ఫోను టవర్లు ఒడ్డు దాటి కొద్ది మైళ్లకే వదిలేస్తాయి. అక్కడినుంచి ఈ పెట్టె ఉపగ్రహంతో మాట్లాడుతుంది. ఆ ఉపగ్రహం పేరు జీశాట్-6. 2015 ఆగస్టు 27న మన శ్రీహరికోట నుంచే పైకి పోయింది. 2022లో ఆ దీవి తిరుపతి జిల్లాలో చేరినా, రాకెట్టు పొగ చూడడానికి మైపాడువాళ్లు ఇసుకలో నిలబడడం మానలేదు. 

ఈ పెట్టె ఫోనును ఇంటినుంచి వెళ్లగొట్టలేదు. బ్లూటూత్‌తో ఫోనుకు తగులుకుంటుంది. 'నభ్‌మిత్ర' అనే యాప్‌లో తుపాను హెచ్చరికలూ, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ వారు చెప్పే చేపల తావులూ మన భాషలో కనబడతాయి. పడవవాడు చిన్న చిన్న సందేశాలు ఒడ్డుకు పంపవచ్చు, ఒడ్డునుంచి అందుకోవచ్చు. ఆపద వస్తే ఒక మీట. ఇంతకుముందు 2019లో 'జెమిని' అనే పరికరం వచ్చింది. అదీ ఫోనుకు బ్లూటూత్‌తో కబురు అందించేదే గాని, వినిపించడమే తప్ప వినడం లేదు. పడవకు చెవి వచ్చింది, నోరు రాలేదన్నమాట. ఇప్పుడు నోరు వచ్చింది.

"2023 డిసెంబర్లో తుపానొచ్చె గదా సారూ" అన్నాడు అతను. మిచాంగ్ తుపాను. మా తీరం వెంబడే పైకి పోయి డిసెంబరు 5న బాపట్ల దగ్గర ఒడ్డెక్కింది. "ముందే చెప్పారు గాబట్టి ఎవురూ పోలా. మా నాయన కాలంలో ఎవురు చెప్పేది? గాలి తిరిగితే తిరిగినాక తెలిసేది. ఒడ్డున ఆడోళ్లు లాంతర్లు పట్టుకోని నిలబడేది."

"అయితే నువ్వెక్కడున్నదీ ప్రభుత్వానికి తెలిసినా నీకు ఫరవా లేదా?" అన్నాను.

వల పక్కన పెట్టాడు. "ఆపదొచ్చినప్పుడు నేను యాడుండానో అందరికీ తెలియాల. చేప పడేటప్పుడు యాడుండానో నా పెళ్లానిక్కూడా తెలియకూడదు. ఈ పెట్టెకు ఆ తేడా తెలుసునా లేదా, అదీ నా బాధ. మా పక్క పడవోడికి చెప్పదని చెప్పిండారు. చూడాల."

చట్టాలు చదివినవారు అరవై పేజీల్లో చెప్పేది అతను మూడు మాటల్లో చెప్పేశాడు. నేను చేతిలోని సెనక్కాయలు తినడం మరచిపోయాను.

చివరకు మా ఇంటి తీర్పు ఇది. నా శిష్యుడు, పెట్టెలోకి పోయే తీగల గుత్తినీ, వచ్చే తీగల గుత్తినీ కలిపే చిన్న జోడింపు తీగ ఒకటి తయారుచేశాడు. మైకు తీగ మైకు తీగతో, స్పీకరు తీగ స్పీకరు తీగతో. కారు తీగలను ఒక్కదాన్నీ కోయనివ్వలేదు. రేపు కావాలంటే పాత పెట్టె మళ్లీ బిగించవచ్చు. తీగకూ చేతికూలికీ కలిపి రెండున్నర వేలు. ఎస్.ఓ.ఎస్. మీట పక్కన ఎర్రదీపం ఒకటి ఎప్పుడూ వెలుగుతూ వుంటుంది. దానికి మా ఆవిడ నల్లకాగితం అంటించింది.

ఆవిడ తృప్తి కోసం, విడిగా ఒక చిన్న ట్రాకరు పెట్టించాము. 2019 నుంచి బస్సులకూ టాక్సీలకూ తప్పనిసరి చేశారే, ఆ జాతిదే. కారు జబ్బులు చూడడానికి స్టీరింగు కింద వుండే సాకెట్టులో గుచ్చేవీ వున్నాయి. నేను అవి వద్దన్నాను. గుచ్చితే అదీ ఆ రెండు తీగల మాటలు వింటుంది. మళ్లీ కరణమే! మాది బ్యాటరీకి రెండు తీగలు, తాళానికి ఒక తీగ. కారు ఎక్కడున్నదో తెలుసు, ఎలా నడిపానో తెలియదు. సిమ్ము నా పేరుతో నేను కొన్నది, పీకగలిగినది. బ్యాటరీ తగ్గితే తనంతట తానే ఆగిపోయే రకం కావాలని గట్టిగా అడిగి తీసుకున్నాము. ప్రమాదంలో తనంతట కబురు పంపే విద్య దీనికి లేదు. ఆ లోటు లోటే. ఫోనులో 112కు పోయే మీటను ఇంటిల్లిపాదీ నేర్చుకున్నాము, అత్తగారితో సహా. డిక్కీలో బ్యాటరీ నుంచి బ్యాటరీకి కరెంటు ఇచ్చే జంపరు తీగలు కూడా చేరాయి. ఆ రాత్రి కావలసింది అసలు అవే గదా.

పాత కారు అమ్మదలచినవారికి ఒక మాట. అమ్మేముందు రేడియోలోని ఫోను నంబర్లను తుడిచి, ఫోనులోని ఆ కంపెనీ యాప్‌లో కారును మీ పేరునుంచి తొలగించండి. మా సహోద్యోగి ఒకరు మరచిపోయారు. అమ్మిన కారు ఏడాదిపాటు ఎక్కడెక్కడ తిరిగిందీ ఆయన ఫోనులోనే కనబడింది. ఆయన మంచివారు గనుక చూడడం మానేశారు.

జోడింపు తీగ వేసిన మర్నాడు, మైపాడు పోతూ అత్తగారికి కారులోంచే ఫోను చేశాను. "ఏమండీ, వినబడుతున్నదా?" అన్నాను.

"చక్కగా వినబడుతున్నది బాబూ. కారు నడుపుతూ మాట్లాడతారేమిటి, పెట్టెయ్యండి" అని ఆవిడే పెట్టేశారు.